గోడమీది పాట

గత ఆదివారము నీవు ఆరాధనకు వెళ్లినప్పుడు నీ చేతిలో ఏమి యుండెను? ఒక నిమిషము జ్ఞాపకము చేసికొనుము. మన పెద్దలు గుడికి బయలుదేరునప్పుడు వారి చంకలో రెండు పుస్తకములుండెడివి. ఒకటి బైబిలు, రెండవది కీర్తనల పుస్తకము. వాన వచ్చినయెడల తమ తల తడిసినను సరే, పుస్తకములను కొంగు చాటున దాచి తెచ్చెడివారు. నేడు అనేకులు వట్టి చేతులతో వచ్చుచున్నారు. పాట గోడమీద వచ్చును గదా అని వారి ధైర్యము.

ఈ గోడమీది పాటను గూర్చి కొంత విమర్శ చేయ గోరుచున్నాను. విమర్శ యనగా తిట్టుట కాదు. కంసాలి బంగారమును గీటురాయి మీద గీసి చూచును. బంగారము మీద కోపము చేత అట్లు చేయడు. ఒక వస్తువు మనకేమి యిచ్చుచున్నది, మనయొద్దనుండి ఏమి తీసికొనుచున్నది అని చూచుటయే నా పని. నేను క్రొత్త వస్తువులకు శత్రువును కాను. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము మా సంఘములో జరిగిన యొక సంగతి. అందులో నా పొరపాటు కూడ కలదు గనుక ఇతరులను వ్రేలు పెట్టి చూపుటకు నాకు అధికారము లేదు.

నేను బాసర ప్రాంతపు గ్రామములలో సేవ చేయుచున్నాను. గోదావరి ఒడ్డుననున్న ఈ యూరి పేరు వినని తెలుగువారు తక్కువ. హిందూ సోదరులు తమ బిడ్డలకు అక్షరాభ్యాసము చేయించుటకు దూరదేశములనుండి ఇచ్చటి సరస్వతీ ఆలయమునకు వచ్చెదరు. తండ్రి బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఆ చిన్న వ్రేలు పట్టుకొని, బియ్యములో అక్షరము దిద్దించును. మన విశ్వాసము వేరు, మన ఆరాధన వేరు. అయినను రైలు దిగి బిడ్డలను ఎత్తుకొని వచ్చు ఆ తలిదండ్రులను చూచినప్పుడెల్ల ఒక సంగతి నా మనస్సునకు తట్టుచుండును. అక్షరము మొదట వ్రేలికి వచ్చును, పిమ్మట కంటికి వచ్చును, ఆ పిమ్మటనే నోటికి వచ్చునని వారికి తెలియును.

ఇదే యూరిలో 2008వ సంవత్సరములో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము, అనగా మనమందరము ట్రిపుల్ ఐటీ అని పిలుచు విద్యాలయము, స్థాపింపబడెను. పదవ తరగతి ముగించిన పల్లెటూరి పిల్లలు ఆరు సంవత్సరముల చదువుకు అందులో చేరుచున్నారు. పలకకు బదులు లాప్‌టాప్ పట్టిన మొదటి తరము మన కన్నుల యెదుటనే పెరిగెను. 2022లో తెలంగాణ ప్రభుత్వము "మన ఊరు – మన బడి" అను పథకమును ఆరంభించి, మూడు విడతలలో 26,065 బడులను బాగుచేయుదుమని చెప్పినప్పుడు, నీళ్లు, మరుగుదొడ్లు, ప్రహరీ గోడలతోబాటు డిజిటల్ తరగతి గదులను కూడ ఆ పట్టీలో చేర్చెను. పెండ్లి జరుగు ఫంక్షను హాలులో తెర, పంచాయతీ సమావేశములో తెర, క్రికెట్టు ఆట వచ్చిన రాత్రి ఇంటి గోడయే తెర. 2025 సెప్టెంబరు 22 నుండి ప్రొజెక్టర్ల మీది జి.ఎస్.టి. పన్నును 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గించిరి. కాబట్టి కోరిక యింకను పెరుగునే కాని తరుగదు. బడికి వచ్చినది, పెండ్లికి వచ్చినది, మన గుడికి రాకుండునా?

మా గుడికి ఎట్లు వచ్చినదో చెప్పెదను. మన సంఘములలో పిడికెడు బియ్యపు కానుక నీకు తెలియును. తల్లి అన్నమునకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. వారమంతయు అట్లు చేర్చిన బియ్యమును ఆదివారము తెచ్చి ప్రభువు సన్నిధిని పోయును. మా స్త్రీల సమాజము వారు ఆ బియ్యము అమ్మగా వచ్చిన రూకలను రెండేండ్లు కూడబెట్టిరి. గుడికి ఏదైన మేలు చేయవలెనని వారి కోరిక. అప్పుడు మా యౌవనస్థులు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, పక్క ఊరి సంఘంలో ప్రొజెక్టర్ పెట్టిండ్రు. మనకు గూడ ఒకటి కావాలె" అనిరి. నేను ఆ తల్లులలో ఒక్కరినైనను అడుగక, మంచిది అంటిని. వారి బియ్యముతో యంత్రము వచ్చెను. మొదటి ఆదివారము పెద్ద అక్షరములు గోడమీద వెలిగినప్పుడు నేను కూడ సంతోషించితిని. ఆ తల్లులలో సగముమందికి పైగా చదువురాదను సంగతి ఆ దినమున నాకు తట్టలేదు. 2011 జనాభా లెక్కలలో తెలంగాణలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి 58 మంది మాత్రమే. మన పల్లెలలోని పెద్ద వయస్సు స్త్రీలలో ఈ లెక్క యింకను తక్కువయని ఎవరును వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ యంత్రము ఎట్లు పనిచేయునో కొంచెము తెలిసికొనుట మంచిది. ప్రొజెక్టర్లలో ఒక రకము వానిలో వ్రేలి గోరంత పలక మీద లక్షలకొలది చిన్న అద్దములు ఉండును. ఒక్కొక్క అద్దము మన తలవెండ్రుక కంటె సన్నము. అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను కంపెనీలో పనిచేసిన ల్యారీ హార్న్‌బెక్ అను శాస్త్రవేత్త 1987లో దీనిని కనిపెట్టెను. ఆ అద్దములు సెకనుకు వేలసార్లు అటునిటు ఊగుచు వెలుగును గోడమీదికి పంపును, లేదా ప్రక్కకు త్రిప్పివేయును. మనుష్యుని బుద్ధి చేసిన పనులలో ఇది ఆశ్చర్యమైనదే. దేవుడిచ్చిన బుద్ధిని మనము నిందింపరాదు.

అయితే ఈ యంత్రమునకు ఒక బలహీనత కలదు. అది వెలుగును మాత్రమే వేయగలదు, చీకటిని వేయలేదు. గోడమీద నల్లగా కనబడు చోట యంత్రము ఏమియు వేయలేదని అర్థము. అక్కడ కనబడునది గోడ రంగే. కాబట్టి పగటి వెలుగు గుడిలోనికి వచ్చినయెడల అక్షరములు వెలవెలబోవును. దీని ఫలితమేమో చూడుము. ఉదయము పది గంటల ఆరాధనకు మా యౌవనస్థులు కిటికీలు మూసిరి. వాటికి దుప్పట్లు కట్టిరి. మన ప్రాంతపు మే నెల యెండ నీకు తెలియును. గాలి లేదు, వెలుతురు లేదు, చంటిపిల్లలు ఏడ్చుచున్నారు. ప్రభువు పగటిపూట ఉచితముగా ఇచ్చిన వెలుగును దుప్పటితో ఆపి, కరెంటు బిల్లు కట్టి వేరొక వెలుగును తెచ్చుకొంటిమి.

కొనువారికి ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. వెలుగును లూమెన్లు అను కొలతతో లెక్కింతురు. తెరను తొమ్మిది భాగములుగ చేసి, ప్రతి భాగమున పడిన వెలుగును కొలిచి, సగటు కట్టి చెప్పు కొలతకు ఆన్సీ లూమెన్లు అని పేరు. చౌక యంత్రముల పెట్టెమీద వట్టి "లూమెన్లు" అని పెద్ద అంకె వేసి అమ్ముదురు. అది తెరమీద పడు వెలుగు కాకపోవచ్చును. "4కె సపోర్ట్" అని వ్రాసియుండును. 4కె బొమ్మను లోపలికి తీసికొనునని మాత్రమే దాని భావము. గోడమీద వేయునది 1280 చుక్కల వెడల్పు, 720 చుక్కల ఎత్తు గల బొమ్మ కావచ్చును. దొంగ త్రాసు ప్రభువునకు అసహ్యమని సామెతల గ్రంథము నేర్పుచున్నది గదా! బియ్యము అమ్మిన రూకలతో కొనునప్పుడు ఆ అంకెలను అడిగి కొనుము. పాదరసపు దీపము గల యంత్రమైతే సాధారణముగా మూడు నాలుగు వేల గంటలకు దీపము మార్చవలసి వచ్చును. లోపలి ఫ్యాను తిరిగి దీపము చల్లారకముందే కరెంటు పోయినయెడల దాని ఆయుష్షు యింకను తగ్గును. ఎల్.ఇ.డి., లేజరు రకములకు 20,000 గంటల ఆయుష్షని తయారుచేయువారు చెప్పుదురు. మన గుళ్లలోని దుమ్ము, మన ఊళ్లలోని కరెంటు ఆ లెక్కకు ఎంతవరకు లోబడునో నీకే తెలియును.

ఇది యంత్రపు సంగతి. ఇక పాట సంగతికి వచ్చెదను. నా అసలు విమర్శ అక్కడనే.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూడుము. కీర్తనకు సంఖ్య యుండును. పైన రాగము, తాళము ఉండును. క్రింద వ్రాసిన భక్తుని పేరుండును. పల్లవి, అనుపల్లవి, పిమ్మట చరణములు వరుసగా ఉండును. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో ప్రభువునొద్దకు వెళ్లిరి. వారు పోయి నూరేండ్లు దాటినను, పుట చివర ఆ పేరు చూచినప్పుడు మన బిడ్డ, "ఈయన ఎవరు?" అని అడుగును. అక్కడనుండి ఒక సాక్ష్యము మొదలగును. గోడమీది పాటకు సంఖ్య లేదు, రాగము లేదు, తాళము లేదు, వ్రాసినవాని పేరు లేదు. తలిదండ్రులు లేని బిడ్డవలె అది వచ్చి నిలుచును, పోవును. ఆరు చరణముల కీర్తనలో మూడే టైపు చేసిరి. మిగిలిన మూడు ఉన్నవని క్రొత్త తరమునకు తెలియనే తెలియదు. కీర్తన వ్రాసిన భక్తుడు మొదటి చరణములో తన పాపమును ఒప్పుకొని, నడుమ సిలువను చూచి, కడపట నిత్యజీవమును గూర్చి పాడును. నడుమ తెంచినయెడల పాపి సిలువవరకు పోకుండనే ఇంటికి మరలుచున్నాడు.

మరియొకటి వినుము. మన కీర్తనల పద్ధతిలో ప్రతి చరణము తరువాత పల్లవికి తిరిగి రావలెను. పుస్తకములో కన్ను ఒక్కసారి పైకి ఎత్తిన చాలును. గోడమీద పల్లవి మొదటి పలకలో ఉండిపోయెను; ఇప్పుడు మూడవ చరణము నిలిచియున్నది. కంప్యూటరు ముందర కూర్చున్న పిల్లవాడు వెనుకకు త్రిప్పువరకు సంఘము నోరు తెరచి కాచుకొనును. అతడు త్రిప్పుట మరచినయెడల పల్లవి పాడకయే ముందుకు పోవుదురు. ఒక మాట హృదయమును తాకినప్పుడు దానిని మరల మరల పాడుట మన పెద్దల అలవాటు. ఇప్పుడు ఎంతసేపు పాడవలెనో ఆ పిల్లవాని వ్రేలు నిర్ణయించుచున్నది.

అక్షరముల అవస్థ చెప్పనక్కరలేదు. ఒక కంప్యూటరులో ఒక ఫాంటుతో టైపు చేసినది వేరొకదానిలో తెరచినప్పుడు ఒత్తులొక చోట, గుడులొక చోట పడును. ఒక ఆదివారము "కృప" అను మాట తన సుడిని పోగొట్టుకొని "కప" అయి గోడమీద నిలిచెను. చిన్నపిల్లలు కప్ప, కప్ప అని నవ్విరి. నేనును నవ్వితిని. ఇంటికి వెళ్లిన తరువాత నవ్వు రాలేదు. కృప అను మాటను పాడుచుండగా మా బిడ్డలకు కప్ప జ్ఞాపకము వచ్చునట్లు చేసినవారెవరు? దిద్ది చూడని మేమే గదా!

ఇక ఆ దినమున జరిగినది చెప్పెదను. ఆరాధనలో రెండవ కీర్తన. రెండు చరణములు ముగిసినవి. మూడవది ఎత్తుకొనగానే కరెంటు పోయెను. గోడ ఆరిపోయెను. కిటికీలకు దుప్పట్లున్నవి గనుక గుడియంతయు చీకటి. యౌవనస్థుల పాట కత్తితో కోసినట్లు ఆగెను. పాట నిలువరాదని నేను గొంతెత్తితిని. సగము పాదము వచ్చినది. ఆ తరువాతి మాట నాకు దొరకలేదు. చదువరీ, సిగ్గు విడిచి చెప్పుచున్నాను. ఈ కీర్తనను నేను బాల్యమున మా తల్లి ఒడిలో నేర్చితిని. వేదాంత పాఠశాలలో దాని అర్థమును విప్పి చెప్పి ఉపాధ్యాయుని మెప్పు పొందితిని. అయినను కొంతకాలముగా గోడను చూచి పాడు అలవాటులో అది నా నోటినుండి జారిపోయెను. నాకు తెలియకయే పోయెను.

అప్పుడు స్త్రీల ప్రక్కనుండి నలుగురైదుగురి గొంతులు వినబడెను. ముసలి గొంతులు. అవి ఆగనే లేదు. గోడ ఆరిపోయినదని వారికి తెలియనే లేదు. ఏలయనగా వారు మొదటినుండియు గోడను చూడలేదు. మూడవ చరణము, పల్లవి, నాలుగవది, గోడమీద ఎన్నడును రాని అయిదవది కూడ పాడిరి. మేము చదువుకొన్నవారమంతా వారి వెనుక తడబడుచు పాడితిమి.

మరునాడు నేను వారిలో ఒక అవ్వ ఇంటికి వెళ్లితిని. మన కరీంనగరు, నిజామాబాదు, ఆదిలాబాదు పల్లెలలో అనేక స్త్రీలవలె ఆమె బీడీలు చేసి బ్రతుకును. చాట ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టుచు కూర్చుండెను. "అవ్వా, నిన్న నీవు లేకపోతే పాట ఆగిపోవును" అంటిని. ఆమె చేయి ఆపలేదు.

"అయ్యగారూ, ఒక్క మాట జెప్తె కోపం చేయకుండ్రి. పిడికెడు బియ్యం నేను గూడ ఏసిన. ఏసినందుకు నాకు రంది లేదు. నాకు అక్షరం రాదు. మునుపు నా పక్కామె పుస్తకం జూసి పాడుతుంటె నేను ఆమె నోరు జూసి పాట నేర్చుకుంటి. ఇప్పుడు ఆమె గోడ దిక్కు జూస్తది. నేనెవల నోరు జూడాలె?"

నాయొద్ద జవాబు లేకపోయెను. ఆమెయే మరల, "పుస్తకమైతె ఇంటికొస్తది, నా మనుమరాలు సదివి జెప్తది. గోడ ఇంటికొస్తదా?" అనెను.

చదువరీ, ఈ యంత్రమును గూర్చి నేను చదివిన దానికంటె, వినిన దానికంటె గొప్ప విమర్శ ఇదియే. పుస్తకము ఇద్దరి మధ్య ఉండును. చదువు వచ్చినది, చదువు రానిది ఒక్క పుస్తకము మీదికి వంగుదురు. ఒకతె కన్ను, ఇంకొకతె చెవి. అక్షరము రానివారు మన సంఘములో ఇంతకాలము పరాయివారు కాకపోవుటకు కారణము ఆ ప్రక్క చోటే. గోడ ప్రతివానిని తనవైపు త్రిప్పుకొనును. ప్రక్కవాని ముఖము చూడనక్కరలేకుండ చేయును. చదువగలవానికి మరింత సులువు; చదువలేనివానికి ఉన్న ఒక్క దారియు మూత. బియ్యము ఇచ్చిన చేతులకు మేము తెచ్చి యిచ్చినది ఇది.

లేఖనములలో గోడమీది వ్రాత ఒకటి కలదు. బెల్షస్సరు విందులో కనబడిన చేతివ్రాతను దానియేలు గ్రంథము అయిదవ అధ్యాయములో చదువుదుము. అందరును చూచిరి, ఎవరును గ్రహింపలేదు, దానిని వివరించుటకు ఒక దానియేలు కావలసి వచ్చెను. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో మోషే నేర్పినది చూడుము. దేవుని మాట మొదట హృదయములో ఉండవలెను. పిమ్మట తలిదండ్రులు ఇంట కూర్చున్నప్పుడును, త్రోవ నడచునప్పుడును, పండుకొనునప్పుడును, లేచునప్పుడును బిడ్డలతో చెప్పవలెను. ఆ తరువాతనే ద్వారబంధముల మీద వ్రాయుట. వ్రాత యుండవలసినదే. కాని హృదయము, ఇల్లు, బాట మొదట; ద్వారబంధము కడపట. మేము వరుసను తారుమారు చేసితిమి.

2020 మార్చిలో కరోనా చేత గుడి తలుపులు మూసినప్పుడు మన ఇండ్లలో ఏమి మిగిలెనో జ్ఞాపకము చేసికొనుము. గుడి గోడ మనకు దూరమాయెను. కొందరు సెల్‌ఫోనులో ఆరాధన చూచిరి. సెల్‌ఫోను లేని ఇండ్లలో నోటికి వచ్చిన కీర్తన, నోటికి వచ్చిన వాక్యము, ఇవే ఆరాధన. మరల అట్టి దినములు రాకుండును గాక. వచ్చినయెడల మన బిడ్డల నోట ఏమి యుండును?

అయితే వెలుగుతో బొమ్మ చూపుట తప్పు అని నేననుచున్నానా? అనుట లేదు. హాలెండు దేశపు హైగెన్స్ 1659లోనే లాంతరుతో గోడమీద బొమ్మ వేయు విధమును కనిపెట్టెను. ఆ మేజిక్ లాంతర్లను మిషనెరీలు మన దేశపు పల్లెలకు తెచ్చి, రాత్రివేళ తెల్లగుడ్డ కట్టి, ప్రభువు జీవితపు చిత్రములను చూపిరి. 1978లో "కరుణామయుడు" చిత్రము వచ్చెను. విజయచందర్ ప్రభువు పాత్ర ధరించిన ఆ చిత్రమును 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టర్లతో ఊరూర తిరిగి చూపిరి. ఎడ్లబండ్ల మీద, నేలమీద, గోడలమీద కూర్చుండి జనులు చూచిరి. అక్కడ వెలుగు తన పని తాను చేసెను. రాత్రి గనుక కిటికీ మూయనక్కరలేదు. బొమ్మ గనుక చదువురాని అవ్వయు చదువుకొన్న పంతులుగారును సమానముగా చూచిరి. చూచిన పిమ్మట దానిని గూర్చి మాటలాడుకొనుచు ఇంటికి నడచిరి.

మెదకు దేవాలయమును నీవు చూచియుందువు. పాస్నెట్‌గారు కరవు దినములలో జనులకు పని, అన్నము కల్పించుచు పదేండ్లు కట్టించిన ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దానిలో మూడు గొప్ప రంగుటద్దాల కిటికీలు కలవు. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము. ఆ చిత్రములు పగటి సూర్యునితోనే వెలుగును. పొద్దు క్రుంకగానే ఆరిపోవును. అక్కడ చిత్రమును చూపుటకు వెలుగును ఆపలేదు. వెలుగును లోపలికి రానిచ్చిరి. మేము దుప్పట్లు కట్టిన మా చిన్న కిటికీలను చూచినప్పుడెల్ల నాకు మెదకు కిటికీలు జ్ఞాపకము వచ్చుచుండెను.

కాబట్టి మా సంఘమును కూడబెట్టి మాటలాడితిమి. యంత్రమును అమ్మివేయుదమని కొందరు పెద్దలనిరి. అప్పుడు ట్రిపుల్ ఐటీలో చదువు మా పిల్లవాడొకడు లేచి, "అయ్యగారూ, నా దోస్తు మొదటిసారి గుడికి వచ్చిండు. వానికి పుస్తకం లేదు, నంబరు తెల్వదు. గోడ మీద జూసి మనతోని పాడిండు. వాని సంగతి ఏంది?" అనెను. అదియు న్యాయమైన మాట. చూపు మందగించిన ఒక తాతయు, "పుస్తకపు అక్షరాలు నాకు ఆనుతలేవు బిడ్డా, గోడమీదియి ఆనుతున్నయి" అనెను. కావున మేము యంత్రమును ఉంచితిమి; దాని స్థానమును మార్చితిమి.

క్రొత్త కీర్తనను నాలుగు ఆదివారములు గోడమీద వేయుదుము. అన్ని చరణములు, ప్రతి చరణము క్రింద పల్లవి, పైన పుస్తకపు సంఖ్య, రాగము, తాళము, వ్రాసినవారి పేరు ఉండవలెను. శనివారము సాయంకాలము ఇద్దరు కూర్చుండి ఒత్తులు, సుడులు దిద్దవలెను. అయిదవ ఆదివారము గోడ ఖాళీ. కిటికీలు మూయరాదు, అక్షరములు వెలవెలబోయినను సరే. బొమ్మలు, చిత్రములు రాత్రి కూటములలో మాత్రమే. ఇకమీదట పిడికెడు బియ్యపు రూకలతో ఏమి కొనవలెనో ఆ తల్లులే నిర్ణయింతురు. వారు మొదట ఇంటికొక కీర్తనల పుస్తకము అనిరి.

అన్నియు చక్కబడినవని చెప్పను. అయిదవ ఆదివారము గోడ ఖాళీగా నున్నప్పుడు పాట ఇప్పటికిని సన్నగిల్లుచున్నది. అయితే గురువారపు రాత్రులు కొందరు యౌవనస్థులు అవ్వ ఇంటి అరుగు మీద కూర్చుండి, ఆమె నోరు చూచి, పుస్తకములో లేని పాత వరుసలు నేర్చుకొనుచున్నారు. ఆమె మనుమరాలు పుస్తకము పట్టుకొని తప్పులు దిద్దుచున్నది. నేనును వెళ్లుచున్నాను. ఆ మూడవ చరణము నాకు తిరిగి వచ్చినది.

ప్రియ చదువరీ, మీ సంఘము ప్రొజెక్టరు కొనునో మానునో నాకు తెలియదు. కొనుటకు ముందు మీ సంఘములో చదువురాని తల్లి యొద్దకు వెళ్లి, ఆమె పాటలు ఎట్లు నేర్చుకొన్నదో అడుగుము. ఈ వారము ఒక కీర్తనను తీసికొని, అన్ని చరణములు, ఆమెతో కలిసి కంఠస్థము చేయుము. వచ్చు ఆదివారము నీ ప్రక్కన ఆమెకు చోటిచ్చి, పుస్తకము తెరచి పట్టుము. మన నోళ్లలో తన స్తుతిని ఉంచిన ప్రభువు నీకును ఆమెకును ఒక్కటే పాట దయచేయును గాక. ఆమేన్.